ఇంటిపేరేంది బాబూ?

సుల్తాన్ బజార్లో, బడీచౌడి కూరగాయల దగ్గర, ముక్కూమొహం తెలియని పెద్దమనిషి మీ పేరు వదిలేసి నేరుగా ఇంటిపేరు అడిగాడంటే ఆయన ఇంటిపేర్ల సారే. పేటకొకరుంటారు. మా సారు చేతి సంచిలో ఎప్పుడూ తోటకూర తొంగిచూస్తుంటుంది.

వేముల, తుమ్మల, చింతల అంటే చెట్లు చెబుతాడు. చివర పల్లో, పాడో, వరమో వినిపిస్తే ఊరు చెబుతాడు. నేతి, అల్లం, పెరుగు వంటివి తగిలితే మాత్రం వ్యుత్పత్తి సగంలో ఆపి ఇంటికి భోజనానికి బయల్దేరతాడు.

శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో పుట్టింది కదా? సారు లెక్కలో అది ఇంట్లో కాదు, రావిచెట్టు కిందే పుట్టింది. 1952లో ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు గారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు, బూర్గుల ఊరి పేరు. "ఊరు ఇంటిపేరును మింగేసింది!" అంటాడు, తనే మింగినంత తృప్తిగా. అంతెందుకు, ఆయన నిలబడ్డ బజారే ఒకప్పుడు రెసిడెన్సీ బజార్. 1933లో నిజాం చేతికి తిరిగొచ్చి సుల్తాన్ బజార్ అయింది.

ఇంతవరకూ విద్వత్తే. చెట్టు చెప్పాక "ఏ ఊరి వేములోళ్లు?" అని రెండో ప్రశ్న. మూడోది గోత్రం. ఎదుటివాడి కులం ఆరా తీయడానికి మన ఊళ్లో ఇంతకంటే మర్యాదైన దారి ఎవరూ కనిపెట్టలేదు. చిక్కేమిటంటే, ఒక ఊరు విడిచి బతకపోయినవాళ్లలో కరణమూ, కాపూ, సాలెవాడూ, మాదిగవాడూ అందరూ ఆ ఊరి పేరే మూటగట్టుకుపోతారు. ఊరి పేరున్న మనిషి ఎదురైతే సారుకు చెమటలు పడతాయి.

మొన్న ఓ కుర్రాడు దొరికాడు. వీపున పుస్తకాల సంచి, కళ్లలో నిద్రలేమి.

"వేముల సార్."

"వేపచెట్ల ఊరు! ఏ వేములోళ్లు?"

"అశోక్ నగర్ హాస్టలోళ్లం సార్."

"అది కాదు నాయనా, గోత్రం?"

"గ్రూప్-2 సార్. నాలుగేళ్లయింది."

సారు సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

మీరు అటు వెళ్తే ముందు ఆయన ఇంటిపేరేదో కనుక్కోండి. నేను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఆయన ఎక్కాల్సిన బస్సొచ్చింది.