ఊరికే చూసొద్దాం

కల్యాణమండపం గేటుకు 'చేనేత వస్త్ర ప్రదర్శన, అమ్మకం' అని బ్యానరు కట్టారంటే, రెండో రోజు పొద్దున పదకొండింటికల్లా ఆమె అక్కడ ఉంటుంది. మొదటి రోజు రాదు, అప్పటికి ఇంకా మూటలు విప్పరు. చివరి రోజూ రాదు, అప్పటికి మిగిలేవి ఊరంతా కాదన్న రంగులే. విజయవాడైనా వరంగల్లైనా, కాకినాడైనా కర్నూలైనా ఈ మనిషిని గుర్తుపట్టడం కష్టం కాదు. ఎండకు తలమీద కొంగు, చంకలో మడతపెట్టిన గుడ్డసంచి, పర్సులో ఓ మూల ఎప్పటిదో నెమలికంఠం రంగు జాకెట్టు ముక్క. లోకమంతా చీర కొని దానికి జాకెట్టు వెతుక్కుంటుంది. ఈమె జాకెట్టు ముక్క పెట్టుకుని చీర వెతుకుతుంది. ఏళ్లుగా వెతుకుతోంది. ఇంట్లో బయల్దేరేటప్పుడు మాత్రం "కొనడానికేం కాదండీ, ఊరికే చూసొద్దామని" అంటుంది. తెలుగు సంసారాల్లో ఇంతగా పరపతి పోగొట్టుకున్న మాట ఇంకోటి ఉండదు. అది చెవిన పడగానే భర్త బ్యాంకు మెసేజి కోసం ఫోను దగ్గర పెట్టుకుంటాడు. భార్య చీరల మీద జోకు లేని దీపావళి సంచిక వచ్చిందంటే ఆ ఏడు కార్టూనిస్టుకి ఒంట్లో బాగోలేదన్నమాట. నేననేది మాత్రం వేరు. ఆమె అబద్ధమాడటం లేదు. నిజంగా చూడటానికే వెళ్తుంది. ఆ చూడటంలో అప్పుడప్పుడూ కాలుజారితే కొంటుంది. ఆ చూపు వల్ల మన బట్టల బజారుకు జరిగే మేలు, ఎదురు ప్రశ్న లేకుండా కార్డు గీకే పదిమంది వల్ల కూడా జరగదు.

ఆమె పంచాంగమే వేరు. అది ఉగాదితో మొదలవదు, నాంపల్లి నుమాయిష్‌తో జనవరి 1న మొదలవుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పుట్టి, 1946లో నాంపల్లికి చేరిన ఆ మేళాకు జనం మిర్చీబజ్జీల కోసమూ జెయింట్ వీలు కోసమూ వెళ్తే, ఆమె లక్నో చికన్ పని దుకాణం ముందు నిలబడి కుర్తా తిరగేసి కుట్టు చూస్తుంది. తర్వాత పెళ్లిళ్ల సీజను. ఆ తర్వాత ఆషాఢం. పెళ్లిళ్లుండవు, కొత్త కోడళ్లు పుట్టిళ్లకు పోతారు, బట్టలకొట్లలో ఈగలు తోలుకుంటారు. ఆ ఈగల బాధ పడలేకే ఆషాఢం తగ్గింపులు పుట్టాయి. మంచిపని ఏదీ మొదలుపెట్టకూడదని పెద్దలు పక్కన పెట్టిన నెలని పండగ చేసిన ఘనత మన వస్త్రవ్యాపారులది. ఊరంతా 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అన్న బోర్డు చూసి మెట్లెక్కుతుంటే ఆమె కింద నిలబడి నవ్వుతుంది. ఎందుకంటే జ్యేష్ఠంలో అదే కొట్టుకి 'ఊరికే' వెళ్లి అదే చీర ధర చూసొచ్చింది. రెండో చీర ఖరీదు మొదటి చీరలో ఎప్పుడు కలిసిందో, ఎంత కలిసిందో ఆమెకు తెలుసు. కొనేవాళ్లు కొనేరోజే ధర చూస్తారు. ఆమె కొనని రోజుల్లో కూడా చూస్తుంది. తగ్గింపు నిజమైనదా కాదా అని తేల్చగలిగేది కొనని రోజు ధర ఒక్కటే. ఇక ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందని 2015 నుంచి జరుపుతున్నారు. ఆమెకు కలకత్తా కంటే, ఆ తేదీ వరలక్ష్మీ వ్రతం దరిదాపుల్లో పడటం ముఖ్యం.

సరే, వెళ్లి ఏం చూస్తుంది? మామూలు మనిషి చీరను పైనుంచి చూస్తాడు, ఆమె కిందనుంచి మొదలుపెడుతుంది. అమ్మేవాడు కొంగు పరిచి "కలర్ చూడండమ్మా" అంటుండగానే ఆమె వేళ్లు అంచు తిరగేసి ఉంటాయి. పోచంపల్లి అని చెప్పిన చీర వెనకవైపు వెలిసినట్టుంటే అది గుడ్డ మీద అచ్చు కొట్టిన బొమ్మ. అసలు పోచంపల్లిలో దారానికే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు కాబట్టి ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. డిజైను అంచులు కూడా గీత గీసినట్టు రావు, తడిచేత్తో తాకినట్టు కాస్త అలుక్కుని ఉంటాయి. షోరూం కుర్రాడు దాన్ని లోపం అనుకుని మడతలో దాచబోతాడు. ఆమె దానికోసమే వెతుకుతుంది. గద్వాల అయితే ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసేచోట బొటనవేలు గోరు నిదానంగా జరుపుకుంటూ పోతుంది. పోగు పోగునా మెలివేసి కలిపినదా, మరోలా అతికించినదా అన్నది ఆ గోటికి తెలుస్తుంది. మగ్గం మీద గుడ్డ ముడుచుకోకుండా బిగించి పట్టే కర్రకు ముళ్లుంటాయి. వాటి సన్నటి చిల్లులు అంచు పక్కన వరసగా కనిపిస్తే ఆమె మొహంలో కళ వస్తుంది. తెలియనివాళ్లు ఆ చిల్లులు చూపించి ధర తగ్గించమంటారు. ఇక శ్రీకాళహస్తి కలంకారీ దగ్గర ఆమె కళ్లు కూడా వాడదు. ఆ గుడ్డను కరక్కాయ కలిపిన పాలల్లో నానబెడతారు, నల్లరంగు కోసం ఇనుపముక్కల్నీ బెల్లాన్నీ నీళ్లలో పులియబెడతారు. ఇదంతా వాసన రాకుండా ఎలా ఉంటుంది? అందుకని ఎగ్జిబిషన్లో ఎవరైనా ఆడమనిషి చీర మడత ముక్కుకి ఆనించుకుని కళ్లు మూసుకుని కనబడితే కంగారు పడొద్దు. ఆవిడ అది చేత్తో గీసిందో, కంప్యూటరు గీసిందో తేలుస్తోంది.

ఈ పరిశోధన అంతా ట్యూబులైటు కింద సాగదు. "బాబూ, ఒక్కసారి వెలుగులోకి తీసుకెళ్తా" అని, జవాబు కోసం ఆగకుండా, ఆరు గజాల చీరను భుజాన వేసుకుని వాకిట్లోకి నడుస్తుంది. వెనకాలే కొట్టు కుర్రాడు, వాడి వెనక వాడి అనుమానం. షాపులో దీపాలు ఒక రంగు చెబుతాయి, ఎండ ఇంకో రంగు చెబుతుంది. మ్యాచింగ్ సెంటరు మెట్ల మీద రోజూ సాయంత్రం నాలుగింటికి నిలబడి, చీర అంచునీ టూబైటూ గుడ్డనీ ఆకాశం వైపు పట్టుకుని చూసే ఆడవాళ్ల బారు ఈ భౌతికశాస్త్రాన్ని పుస్తకం లేకుండా నేర్చుకుంది. 'ఆకుపచ్చ' అని ఒక్క మాటతో సరిపెట్టుకునే మగవాడి పక్కన నిలబడి ఆమె చిలకపచ్చ, పాచిరంగు, మామిడిపిందె రంగు, గోరింటాకు పచ్చ అని విడివిడిగా పేర్లు పెడుతుంది. ఆ మాటల్లో సగం ఇప్పుడు ఆ మెట్ల మీదే బతికున్నాయి.

చదువుకున్న అల్లుడెవరైనా ఇక్కడ అడ్డుపడతాడు. ఈ ముక్కులూ గోళ్లూ ఎందుకు, ముద్రలున్నాయిగా? ఉన్నాయి. పట్టుకి సిల్క్ మార్క్ 2004లో, చేనేతకి హ్యాండ్లూమ్ మార్క్ 2006లో వచ్చాయి. అంతకు ముందే, 1985లోనే, కొన్ని రకాలు మగ్గం మీదే నేయాలి, పవర్‌లూమ్ మీద నేయకూడదని చట్టం వచ్చింది. చట్టం చట్టంలా ఉంది, పక్క స్టాల్లో పవర్‌లూమ్ చీర చేనేత పేరుతో అలాగే ఉంది. ముద్ర చీర మూలన వేలాడుతుంది, దాన్ని చదవాలంటే ఎవరో ఒకరు చీర తిరగెయ్యాలి. తిరగేసే చెయ్యి లేని ఊళ్లో ఏ ముద్రా పనిచెయ్యదు. బజారులో వాళ్లకిది ఎవరూ చెప్పక్కర్లేదు. "లేటెస్టు ఏమున్నాయండీ?" అని అడిగేవాళ్లకి పైన పరిచిన దొంతర చూపిస్తారు. ఈమె వచ్చి ఏమీ అడక్కుండా అంచు తిరగేసి ఊరుకుంటే, అమ్మేవాడు మాట్లాడకుండా బల్ల కిందనుంచి ఇంకో మూట తీస్తాడు. ఆ కింద మూట అంటూ ఇంకా ఒకటి ఉందంటే, దాన్ని తీయించే మనిషి ఊళ్లో ఉండబట్టే.

బీరువా నిండా ఉన్నాయిగా అనేది రెండో అభ్యంతరం. ఇది మగవాళ్లది. ఫోను పనిచేస్తుండగానే కొత్త ఫోను వీడియోలు అర్ధరాత్రి దాకా చూసే జాతి ఈ మాట అనడం సాహసమే కనక దీనికి పెద్దగా జవాబు అక్కర్లేదు.

మూడోది కొంచెం గట్టిది. నలభై చీరలు విప్పించి, ఒక్కటీ కొనకుండా లేచిపోతే ఆ మడతలు పెట్టుకునేవాడి ఉసురు తగలదా? తగలాలి నిజానికి. కానీ "చూడండమ్మా, చూడ్డానికి డబ్బులేముంది" అన్న మాట ఎవరు కనిపెట్టారో ఆలోచించండి. మన బజార్లలో ప్రతి సేల్స్‌మేనూ రోజుకి వందసార్లు అనే మాట అది. అతను తెలివితక్కువవాడు కాదు. ఆమె తివాచీ మీద కూర్చుని చీరలు విప్పిస్తుంటే చుట్టూ ఐదారుగురు నిలబడతారు. ఆమె "ఇది మంచి నేత" అని పక్కకు పెట్టిన చీరను ఆమె వదలగానే ఇంకొకరి చెయ్యి అందుకుంటుంది. పైగా ఆమె ఫోన్లో ఓ చెల్లెలుంటుంది డల్లాస్‌లోనో, ఓ కూతురుంటుంది న్యూజెర్సీలోనో. వీడియో కాల్లో "అమ్మా, కెమెరా కొంగు మీద పెట్టు, నీ మొహం మీద కాదు" అని అక్కడినుంచి కేకలు. "ముట్టుకుంటే ఎలా ఉందే?" అని ఆఖరి ప్రశ్న. అమెరికాలో తెలుగు మహాసభలు జరిగితే అక్కడా చీరల స్టాళ్లు పెడతారు, ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ పెట్టి "సింగిల్ పీస్ అండీ, స్క్రీన్‌షాట్ తీసి పంపండి" అని తొందరపెడతారు. అయినా ముట్టుకోవడం మాత్రం ఫోన్లోంచి పోదు. ఆ పనికి నమ్మకమైన వేళ్లు కావాలి. అవి ఈమెవి. డబ్బు వేరేవాళ్ల ఖాతాలోంచి పోతుంది గనక భర్తగారి ఫోను మోగదు. ఆయనకు అదొక్కటే తెలుసు.

ఇంతవరకు ఆమె పక్షాన మాట్లాడాను. ఇక్కడొక చోట మాత్రం ఆమెని కాపాడలేను. ఏసీ షోరూంలో లిఫ్టు దగ్గర్నుంచి దండం పెట్టి, కూర్చోబెట్టి, కూల్‌డ్రింకు చేతికిస్తే పన్నెండు వేల చీరకు నోరెత్తకుండా బిల్లు కట్టేస్తుంది. ఫిక్స్‌డ్ రేటు అని గోడమీద రాసి ఉంది కదా. అదే మనిషి మాదాపూర్ శిల్పారామంలో నేతగాడే చీర పరుచుకుని కూర్చున్న చోట, "ఇంతా? నిన్న పక్కనాయన తగ్గించి ఇస్తానన్నాడు బాబూ" అని మొదలుపెట్టి మూడొందల కోసం గంట నిలబడుతుంది. ఆ చీర వెనక ఎంత చాకిరీ ఉందో తెలియక కాదు. చీర నేయడానికి ముందు ఆసు పోయాలి, మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పాలి, ఒక్క చీరకి వేలసార్లు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. ఆ సినిమా చూసి ఆమె కళ్లు ఒత్తుకుంది కూడా. మర్నాడు బేరం మాత్రం అక్కడినుంచే మొదలైంది. అలవాటు అందామా? బేరం అంటే ఆమెకు గౌరవంగా మాట కలపడమే అని ఆమె తరఫున వాదించేవాళ్లున్నారు, బేరమాడకుండా కొంటే చీరకే అవమానమట. ఆ వాదన షోరూంలో ఎందుకు గుర్తురాదో వాళ్లు చెప్పరు. అసలు సంగతేమంటే, ఏది ఎంత చేస్తుందో ఆమెకు తెలుసు, ఎవరి దగ్గర నోరు లేస్తుందో కూడా తెలుసు. మొదటి తెలివికి నేను దండం పెడతాను, రెండోది మనందరిలోనూ ఉంది.

అయినా ఒకటి గమనించాలి. గంట బేరం తర్వాత నేతగాడు "పోనీ అమ్మా, మీరు చెప్పినదానికే" అన్నాడనుకోండి, ఆమె ఠక్కున డబ్బు తియ్యదు. ముందు పర్సు జిప్పు లాగి, ఆ నెమలికంఠం జాకెట్టు ముక్క తీస్తుంది. చీరతో పాటు గుడారం బయటికి, ఎండలోకి. అంచు పక్కన ముక్క ఆనించి, కాస్త వంచి, కాస్త దూరం పట్టి చూస్తుంది. నేతగాడు కూడా లేచొచ్చి పక్కన నిలబడి చూస్తాడు, ధర సంగతి ఇద్దరూ మర్చిపోతారు. "ఒక్క పిసరు తేడా ఉందమ్మా" అని అతనే ముందు అంటాడు. "ఉంది బాబూ, నీలం కొంచెం ఎక్కువైంది" అంటుంది ఆమె. చీర తనే మడతపెట్టి, అంచుకు అంచు కలిపి చేతికిస్తుంది. జాకెట్టు ముక్క మళ్లీ పర్సులోకి పోతుంది. గేటు దగ్గర వాచ్‌మన్‌ని మాత్రం అడక్కుండా వెళ్లదు: "ఇది ఆదివారం దాకా ఉంటుందా బాబూ, కొత్త సరుకేమైనా వస్తుందా?"