నలభై ప్లస్ వీరుడు

మానవపాడులో పుట్టి, కాలిఫోర్నియాలో స్థిరపడి, నలభై దాటాక మోటోక్రాస్ పట్టిన మనిషిని గుర్తుపట్టడం తేలిక. కూర్చునేటప్పుడు "అమ్మా" అంటాడు, లేచేటప్పుడు "అబ్బా" అంటాడు. ఏమైందని అడిగితే మొహం వెలిగిపోతుంది. అడగకపోతే మళ్లీ కూర్చుని, మళ్లీ లేస్తాడు.

వారమంతా ఆఫీసు కుర్చీ వల్ల నడుము పట్టేసిందని వాపోయే ఈ పెద్దమనిషే, ఆదివారం పొద్దున 450 సీసీ బండెక్కి మట్టిదిబ్బల మీంచి గాల్లోకి లేస్తాడు. దిగడం మాత్రం బండి వేరుగా, తాను వేరుగా. ఈ విద్య ఎక్కడ నేర్చావంటే, వానాకాలం నల్లరేగడిలో టీవీఎస్ ఎక్సెల్ మీద మిరప బస్తాలు మోసిన చరిత్ర విప్పుతాడు.

స్ఫూర్తి ఎవరంటే సి.ఎస్. సంతోష్ పేరు చెబుతాడు. ఆ బెంగళూరు రైడర్ 2015లో డకార్ ర్యాలీని పూర్తిచేసిన తొలి భారతీయుడు, వచ్చింది 36వ స్థానం. స్థానం విషయంలో మనవాడూ గురువుకు తీసిపోడు. స్టార్టింగ్ గేటు దగ్గర 40 మంది నిలబడితే ఈయనా 36వ వాడే.

శాన్ బెర్నార్డినో దగ్గర గ్లెన్ హెలెన్‌లో వెటరన్లకు ప్రపంచ పోటీలే జరుగుతాయి. ముప్పై దాటినవాళ్లకు ఒకటి, నలభైకి ఒకటి, యాభైకి ఒకటి, ఇలా వయసును బట్టి విభాగాలు. ఈ సంగతి ఫోన్లో చెబితే నాయినకు ఇట్టే అర్థమైంది. తుంగభద్ర దాటి కర్నూలు దిక్కు జాతరలకు కూడా బండలాగుడు పోటీల కోసం ఎద్దులను తోలుకుపోయిన మనిషి ఆయన.

"మన ఎద్దుల లెక్కనే గదరా! పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు, సీనియర్లు. నీకు గూడ నోరు తెరిపిచ్చి చూసిన్రా?"

"లైసెన్సు చూసిన్రు నాయినా."

"గెలిస్తే ఏమిస్తరు?"

"కప్పు."

"పేరు రాయించనీకి?"

కొడుకు డాలర్లలో చెప్పాడు. నాయిన వాటిని రూపాయలు చేసి, రూపాయలను క్వింటాళ్ల మిరపకాయలు చేసి, కాసేపు మాట్లాడలేదు. "పైసలు నువ్వే కట్టి, నువ్వే ఉరికి, నువ్వే పడ్తవా? మా కాడ కష్టం ఎద్దుది, పేరు నాది!"

ఉలవలు, గుడ్లు, ఖర్జూరాలు ఇంట్లో ఎవరికీ దక్కకుండా ఎద్దులకు పెట్టిన ఘనుడు ఆయన. పక్కనుంచి అమ్మ అంది: "ఇద్దరూ ఇద్దరే. ఒకరు ఎద్దుల కింద పోగొడితే, ఒకరు బండి కింద."

ఆ తర్వాత కొడుకు తన పోటీ వీడియో పంపాడు. నాయిన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చూశాడు.

"ఇంతమందిల నీకొక్కనికే నీలం జెండా ఊపుతున్నరు. ఏంది సంగతి?"

ఒక చుట్టు ముందున్నవాళ్లు వెనకనుంచి వస్తున్నారు, దారి వదలమని ఆ జెండాకు అర్థం. ఎంతైనా కన్నతండ్రి, అబద్ధం ఆడలేక, నిజం మింగలేక, చివరికి చెప్పేశాడు.

"ఓస్, అంతేనా! టికెట్ తియ్యి, నేనొస్తా," అన్నాడు నాయిన. "నువ్వు బండెక్కు. చెర్నకోల పట్టి నేను ఎనక ఉరుకుత. ఆ జెండా అప్పుడు ఎవనికి ఊపుతరో చూస్త."