తుంగ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "అగో! మల్ల మొలిచింది తుంగ. పీకకు బిడ్డా, తవ్వు."

అవతారిక: మొయినాబాద్ దిక్కున టమాట మడిలో కలుపు తీయుచు ఒక అత్త కోడలితో పలికిన వాక్యమిది. ఛందస్సు తేలలేదు, వ్యాఖ్యాతకు అది అడ్డు కాదు.

టీక: అగో = అదిగో. మల్ల = మరల, మొన్న తీసిన చోటనే అని భావము. తుంగ = గడ్డివలె కనిపించి గడ్డి కానిది. ఎట్లనగా, కాడను రెండు వేళ్ళ నడుమ దొర్లించిన సాఫీగా తిరుగదు, మూడు పలకలు తగులును. గడ్డికాడకు కణుపులుండును, దీనికి లేవు. ఆకులు మూడు వరుసలుగా లేచును. వెన్ను ఎరుపు కలిసిన గోధుమవన్నె. నీళ్ళలో నిలువెత్తు పెరిగి, కొసన కండె మోయునది జమ్ము. దానిని చూసి తుంగ యనువారితో వాదము వద్దు.

ఉనికి: చేవెళ్ళ కూరగాయల మడులు, బోరునీరు పారు కాలువగట్లు, ఫాంహౌస్ పచ్చికలు.

పూర్వపక్షము: "మిషన్‌తో కోయించిన పోవును" అని ఫాంహౌస్ యజమాని.

సిద్ధాంతము: పోదు. పైన కనిపించునది ఒక్క మొక్క. కింద నల్లని గడ్డల గొలుసు. పైది తెగినంతనే కింద నిద్రించు గడ్డ మొలకెత్తును. అందుకే 'పీకకు' అన్నది: పీకిన ఆకు చేతికి వచ్చును, గడ్డ మడిలోనే ఉండును. విత్తుకన్న గడ్డతోనే, అనగా మట్టి లారీతోనే, ఇది ఊళ్ళు తిరుగును. లెరాయ్ హోమ్ బృందము 1977లో వెలువరించిన ప్రపంచ కలుపుల గ్రంథమున దీనిదే మొదటి స్థానము. అత్తగారు ఆ గ్రంథము చూడలేదు, అవసరమూ లేదు.

ప్రమాణము: శాకుంతలము రెండవ అంకమున దుష్యంతుడు వేట మానుకొని, అడవిపందులు నీటిగుంటలలో నిశ్చింతగా తుంగముస్తెలు పెళ్ళగించుకొనవచ్చునని అనుజ్ఞ ఇచ్చును. కలుపు తీయుటలో వరాహములే ఆద్యులని దీనివలన తెలియుచున్నది. నలిపిన గడ్డ సువాసన వేయును. ఆయుర్వేదమున ముస్త అని దీనికి మర్యాద. మడిలో తిట్టినవారే జ్వరమునకు దానిని డబ్బిచ్చి కొందురు.

తాత్పర్యము: కుర్పితో జానెడు లోతు తవ్వి గడ్డతో సహా తీయవలెను. చేను పెద్దదైన, ఎండాకాలమున లోతు దుక్కి దున్ని గడ్డలను ఎండకు వేయవలెను. తీసిన గడ్డలను గట్టున పారవేయువారికి విన్నపము: అవి వానకు మరల మొలుచును, దయచేసి ఎండబెట్టి కాల్చుడు.