ఆదాయం ఎనిమిదిన్నర

ఉగాది నాడు గుళ్లో కూర్చుని మన రాశికి ఆదాయం 14, వ్యయం 2 అని వింటుంటే ఆ సుఖమే వేరు. ఆ పద్నాలుగును నమ్ముకుని ఎవరూ మేడ కట్టరు కాబట్టి నష్టమేమీ లేదు. అమెరికాలో డాలస్ పోలీసు, ఫైర్ పింఛను నిధివాళ్లు కట్టారు.

అక్కడ పంచాంగం చెప్పేవాణ్ని యాక్చువరీ అంటారు. పెట్టుబడుల మీద ఏటా ఆదాయం 8.5 శాతం అని చాలాకాలం లెక్క వేసుకున్నారు. రేపు ఎక్కువ వస్తుందని కాగితం మీద రాసుకుంటే ఇవాళ వేయాల్సిన డబ్బు దానంతటదే తగ్గుతుంది. నగరం పన్ను పెంచక్కర్లేదు, యూనియన్‌తో గొడవ ఉండదు, బోర్డు సభ్యులు వేళకు భోజనానికి లేవొచ్చు. ఒక్క అంకెతో ఇంతమందికి మేలు మన పంచాంగంలో కూడా లేదు.

1993లో డ్రాప్ అనే పథకం పెట్టారు. పింఛను అర్హత వచ్చిన సార్జెంటు కాగితం మీద రిటైరై, మర్నాడు అదే యూనిఫాం తొడుక్కుని డ్యూటీకి వస్తాడు. జీతం చేతికి, పింఛను ఖాతాకి. ఆ ఖాతాకు 8 శాతానికి తగ్గని గ్యారంటీ వడ్డీ ఉండేది. నిజంగా రిటైరయ్యాక కూడా డబ్బు అక్కడే పెరుగుతుంటే తీసుకునే తెలివితక్కువవాడెవడు? పది లక్షల డాలర్లు దాటిన ఖాతాలుండేవి. నేను వాళ్లను తప్పు పట్టను. రెండు రూపాయల వడ్డీ అన్న ప్రతి అరుగు ముందూ చెప్పులు విడిచిన జాతి మనది. ప్రభుత్వ ముద్ర కూడా ఉంటే దుప్పటి తెచ్చుకుని పడుకునేవాళ్లం.

మరి ఆ ఎనిమిదిన్నర ఎక్కడో పండాలి కదా! హవాయిలో విలాస గృహాలు కొన్నారు, అరిజోనా ఎడారిలో భూములు కొన్నారు. అదీ చాలక డాలస్ నడిబొడ్డున 42 అంతస్తుల మ్యూజియం టవర్‌కు సుమారు 20 కోట్ల డాలర్లు పోశారు. దాని పక్కనే నాషర్ శిల్ప మ్యూజియం. సూటి ఎండ పడకుండా ఉత్తరపు వెలుగు మాత్రమే దిగేలా, గాజు కప్పు మీద చిల్లుల అల్యూమినియం తెర వేయించాడు దాని వాస్తుశిల్పి రెంజో పియానో. ఎండ ఉత్తరం నుంచి వస్తుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు. పింఛను నిధి అద్దాల మేడ ఎండను తిప్పికొట్టి ఆ పనీ చేసిపెట్టింది. తోటలో మొక్కలు మాడాయి. అక్కడే కళాకారుడు జేమ్స్ టరెల్ కట్టిన చిన్న గది ఉంది. లోపల బెంచీ మీద కూర్చుని పైకి చూస్తే కప్పులోని చదరపు కంతలోంచి ఆకాశం తప్ప మరేమీ కనపడకూడదు. ఓ రోజు చూస్తే ఆ కంతలోంచి కానిస్టేబుళ్ల పింఛను తొంగిచూస్తోంది! నా పని పాడైందని చెప్పి ఆయన దాన్ని మూయించాడు. పెట్టుబడి మెరవడమంటే ఇదే. లాభం సంగతి అడక్కండి.

2016లో లెక్కలు బయటపడ్డాయి. నాలుగైదు నెలల్లో డ్రాప్ ఖాతాల నుంచి 50 కోట్ల డాలర్లకు పైగా లాక్కుపోయారు. తొక్కిసలాట లేకుండా జనాన్ని మెట్ల మీదుగా దింపడం నేర్చినవాళ్లాయె, తమ డబ్బు సంగతి వచ్చేసరికి మెట్లన్నీ వాళ్లే దిగారు. డిసెంబరులో ఆ పరుగు ఆపమని మేయర్ మైక్ రాలింగ్స్ కోర్టుకెక్కారు, బోర్డు తలుపు మూసింది. లోపల మిగిలినవాళ్లకు అమెరికా ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ కూడా లేదు. ఆ ఉద్యోగాలకు అది వర్తించదు, పింఛనొక్కటే దిక్కు. నిధి మాత్రం మొహమాటం లేకుండా నగరాన్ని 110 కోట్ల డాలర్లు అడిగింది.

ఈ సంగతి కనుక్కుందామని మా మేనల్లుడికి ఫోన్ చేశాను. పెళ్లిచూపుల్లో, పేరంటాల్లో వాడిది డాలసే. “పన్ను పెరుగుతుందా రా?” అన్నాను. “మాది ఫ్రిస్కో మామయ్యా, డాలస్ వేరు” అన్నాడు, ఊరు మారినంత వేగంగా.

2017లో టెక్సాస్ చట్టం చేసింది. రిటైర్మెంటు వయసు 58కి జరిగింది. ఉద్యోగి జీతంలో 13.5 శాతం కోత, నగరం వాటా 34.5. నిధి కోలుకునేదాకా ఏటా పెరిగే పింఛనుకు సెలవు. 2024లో కూడా నగరం, నిధి కోర్టులో తన్నుకుంటూనే ఉన్నాయి.

డ్రాప్ సొమ్ము మాత్రం ఇప్పుడు ఒకేసారి ఇవ్వరు. మీరింకా ఎన్నేళ్లు బతుకుతారో పట్టిక చూసి, అన్ని నెలలకూ పంచి వాయిదాల్లో ఇస్తారు. ఆయుష్షు పెరిగేకొద్దీ వాయిదా చిక్కుతుంది. కాబట్టి డాలస్‌లో రిటైరైన ఫైర్‌మన్ ఎవరైనా ఎదురై కాళ్లకు దండం పెట్టబోతే, మన పెద్దలు కాస్త నోరు అదుపులో పెట్టుకోవాలి. అలవాటు కొద్దీ నూరేళ్లు వర్ధిల్లమని దీవించారో, పాపం, అతని నెలవాయిదా సగమైపోతుంది.