కంటిపాప శబ్దమునకు టీకా తాత్పర్యములు

మూలము: "అమా! కంటిపాప మింద నలక పడింది, రవంత ఊదుమా!"

అవతారిక: మదనపల్లె బస్సు బి.కొత్తకోట వీధిలో దుమ్ము రేపి పోఁగా, టమాటాబుట్ట దించుకొనుచున్న తల్లితో నొక బాలకుఁడు పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థము: అమా = ఓ తల్లీ; మింద = మీఁద; నలక = ధూళికణము; రవంత = కొంచెము; ఊదుమా = ఊఁదుమమ్మా. రెండుమాఱులు తల్లిని బిలుచుట పునరుక్తిదోషము కాదు, మంట యధికమని సూచన.

శంక: పాపయనఁగా శిశువు గదా, కంటిలో శిశువెట్లు వసించును? పాపమునుండి పాప పుట్టెనందుమా?

సమాధానము: ఆ వ్యాఖ్యయే పాపము, విడువఁదగినది. అమరసింహుఁడు కంటి తారకకుఁ గనీనికయని పర్యాయము చెప్పెను. ఆ మాటకు బాలికయనియు నర్థము గలదు. లాటిను వారి ప్యుపిల్లా, గ్రీకుల కోరీ యనునవియు బాలికావాచకములే. అంత దూరమేల? మూఁడు రాష్ట్రముల పొలిమేరయై, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసిన కుప్పము చేరువనే యున్నది. అచ్చటినుండి దక్షిణమునకు నడచినఁ దమిళుల పావై, పశ్చిమమునకు నడచినఁ గన్నడిగుల పాపె యెదురగును. రెండును బొమ్మకును గంటిపాపకును జెల్లుచున్నవి.

ఆక్షేపము: పాప యొక రంధ్రమాత్రము, వెలుఁగు లోనికిఁ బోవు ద్వారము, దానిమీఁద నలక పడుట యెట్లు? నిజమే. నలక పడినది దాని ముందఱి స్వచ్ఛమైన పొరమీఁద. అయినను మంటపుట్టిన కంటికి శరీరశాస్త్రముతోఁ బనిలేదు.

విశేషము: ఆ పొర కుంభాకార దర్పణమువలెఁ బనిచేయుటచే, ఎదుటివారి రూపము మిక్కిలి చిన్నదై, నిటారుగా, నల్లని వలయముపైఁ దోఁచును. తల్లి బొటనవ్రేలితోఁ గ్రింది రెప్పను లాగి, రెండుమాఱు లూఁది, అప్పటికిని బోనందున కొంగుకొనను వత్తివలె మెలిపెట్టి మూలనున్న నలకను దీసినది. తీయుచు నొక్క నిమిషము కదలక నిలిచెను.

"ఏం జూస్తా ఉండావుమా?"

"నన్నేరా."

తాత్పర్యము: ఛాందోగ్యమునఁ గంటిలోఁ గానవచ్చు పురుషునిఁ గూర్చి ప్రజాపతి చెప్పఁగా, ఇంద్రవిరోచనులు నీటితొట్టిలోఁ దమ నీడను జూచుకొని పొరపడిరి. ఈ తల్లి పొరపడలేదు. కంటిలోని పాప కన్ను గలవానికిఁ గానరాదు, ఊఁదవచ్చినవారికే కానవచ్చును. పేరు పెట్టినవారు నట్లే దగ్గఱకు వచ్చినవారై యుందురు. బాలకుని యభిప్రాయ మింతమాత్రము: ఊఁదుమని.