ఏడుగురు ధర్మకర్తలు, ఒకటే వంటగది

మన దేశంలో బడి పెట్టి లాభం తీయకూడదు. చట్టం అలాగే ఉంది. అందుకే మన ప్రైవేటు బడి ఎవరి సొంతమూ కాదు, ఏదో ఒక ఎడ్యుకేషనల్ సొసైటీదో ట్రస్టుదో అయి ఉంటుంది. కరస్పాండెంటు గారు దానికి సేవకులు మాత్రమే. ఆయన దిగే పెద్ద కారు కూడా సొసైటీదే, ఆయనది కాదు. అంతటి నిరాడంబరత!

2001 నాటి మన ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం ప్రకారం రిజిస్ట్రేషనుకు కనీసం ఏడుగురు కావాలి. ఏడుగురు సేవాతత్పరులను ఊరంతా వెతుక్కోవాలని ఆ చట్టం రాసినవాళ్ళు అనుకుని ఉంటారు. మనవాళ్ళకు ఒక్క ఇంట్లోనే దొరికారు. కరస్పాండెంటు గారి నాన్నగారు అధ్యక్షులు. ఎనభై దాటినా సంతకం వంకర పోలేదు. శ్రీమతి గారు కోశాధికారి. బావమరిది, మరదలు, పెదనాన్న కొడుకు సభ్యులు. కరస్పాండెంటు గారితో ఆరుగురయ్యారు. ఏడో మనిషి దగ్గర ఇబ్బంది వచ్చి, ఆడిటరు గారి గుమాస్తాను కలుపుకున్నారు. బయటివాడు ఒకడైనా లేకపోతే కుటుంబ వ్యవహారమని జనం అపార్థం చేసుకోరూ?

పాలకవర్గ సమావేశం ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర. కోరానికి లోటుండదు, గోంగూర మాంసం వండితే అసలుండదు. మొన్నటి ఎజెండాలో మొదటి అంశం బడి అద్దె. స్థలం, భవనం శ్రీమతి గారి పేరున ఉన్నాయి. అద్దె పెంచమని యజమానురాలిగా ఆమె అర్జీ పెట్టుకున్నారు. కోశాధికారిగా ఆమే పరిశీలించారు. ఉభయపక్షాల మధ్య చర్చలు సుహృద్భావ వాతావరణంలో జరిగాయి. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి తీర్మానం ఏకగ్రీవం. బస్సులు బావమరిది ట్రావెల్స్‌వి, సెల్లార్‌లో పుస్తకాలూ యూనిఫారాలూ అమ్మే కొట్టు మరదలు గారిది. వీటి మీద చర్చ అవసరం లేకపోయింది.

ఇదంతా చట్టవిరుద్ధమని తొందరపడకండి. ట్రస్టు సొమ్ము ధర్మకర్తలకూ వాళ్ళ బంధువులకూ లబ్ధిగా పోకూడదనీ, పోతే ఆ మేరకు పన్ను మినహాయింపు ఉండదనీ ఆదాయపు పన్ను చట్టం గట్టిగానే చెబుతుంది. కాకపోతే, తగిన అద్దె, తగిన జీతం ఇచ్చుకోవచ్చని పక్కనే ఒక కిటికీ తెరిచి ఉంచింది. ఎంతయితే తగినదో ముందుగా లెక్క కట్టేది మళ్ళీ కోశాధికారి గారే.

కోర్టులు ఊరుకోలేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు విద్య వ్యాపారం కాకూడదంది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తులు కూర్చుని, లాభాపేక్ష వద్దు గానీ సంస్థ అభివృద్ధికి సముచితమైన మిగులు ఉండవచ్చన్నారు. అంతే, ఆ రోజు నుంచి మన బడుల్లో లాభం అన్నదే లేదు, అంతా మిగులే. 2022లో న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో, పన్ను మినహాయింపు కావాలంటే విద్య తప్ప వేరే పని ఉండకూడదని తేల్చారు. ఈ మూడింటిలో మొదటి కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, చివరిది మన హైకోర్టు నుంచి వెళ్ళిన అప్పీలు. విద్య వ్యాపారం కాదని దేశానికి చెప్పించే భాగ్యం మనకే ఎందుకు దక్కుతోందో వేరే చెప్పాలా?

ఇక 1994 జనవరి 1 నాటి జీవో నంబరు 1. వసూలైన ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకు పోవాలి, యాజమాన్యానికి 5 శాతం. మనవాళ్ళు ఆ 5 శాతాన్ని అక్షరాలా పాటిస్తారు, టీచర్ల ఇంక్రిమెంట్ల విషయంలో.

మరి తల్లిదండ్రులో? విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడొంతులు వాళ్ళే ఉండాలి. సుద్దముక్కల లెక్క చూడడానికి కూలికి పోయే తల్లి రావాలి. లక్షల్లో ఫీజు కట్టే చోట మాత్రం ఆ నిబంధన లేదు, ప్రభుత్వ సాయం తీసుకోని బడులను చట్టమే వదిలేసింది. సీబీఎస్‌ఈ బడుల కమిటీలో ఇద్దరు తల్లిదండ్రులు ఉండి తీరాలి. ఉన్నారండీ! అధ్యక్షుల వారి మనవడు ఇక్కడే ఐదో తరగతి. వాడి తల్లీ తండ్రీ ఇద్దరూ కమిటీలోనే ఉన్నారు.

బడి వ్యాపారమని ఒప్పుకుంటే నాకు పేచీ లేదు. కిరాణా కొట్టు శెట్టిగారు లాభం వేసుకుంటారు, బిల్లిస్తారు, పన్ను కడతారు, సాయంత్రం సేవారత్న శాలువా కప్పించుకోరు. బోర్డు అన్నాక దాని అసలు పని కరస్పాండెంటుకు అవసరమైనప్పుడు ‘కుదరదు’ అని చెప్పడం. ఈ బోర్డులో ఆయనకు ఆ మాట చెప్పగలిగేది శ్రీమతి గారొక్కరే. ఆవిడా అద్దె విషయంలో ఎన్నడూ చెప్పలేదు.

సొసైటీ బైలాల చివరి పేజీలో ఒక నిబంధన ఉంటుంది: సంస్థ రద్దయితే ఆస్తులు సభ్యులు పంచుకోకూడదు, అదే ఆశయమున్న మరో సంస్థకు అప్పగించాలి. దానికీ మన ధర్మకర్తలు సిద్ధంగానే ఉన్నారు. నేల శ్రీమతి గారిది, బస్సులు బావమరిదివి, ఊరూరా బ్రాంచీలకు వాడే ఆ బడి పేరు మొన్ననే పెదనాన్న కొడుకు కంపెనీ కింద ట్రేడ్‌మార్కు అయింది. ఆ మరో సంస్థ వాళ్ళు ఎప్పుడొచ్చినా సరే, బెంచీలూ, హాజరు పట్టీలూ, నూనె మరకల మినిట్స్ పుస్తకమూ భద్రంగా అప్పగిస్తారు.