బంతిలో గాలికి పది లక్షల డాలర్లు

మహారాజశ్రీ అమెరికా నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ గారి దివ్యసముఖానికి, నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. మీరూ క్షేమమేనని పేపర్లు చెబుతున్నాయి. ఆడేవాళ్ళ క్షేమం గురించే ఈ ఉత్తరం.

మీ ఆట పేరు ఫుట్‌బాల్. బంతిని పట్టేది చేత్తో, ఎదుటివాణ్ణి గుద్దేది భుజంతో, దెబ్బ తగిలేది తలకు. ఆ తలల కోసం మీరు రాసిన నిబంధనలు చదవడానికి ముచ్చటగా ఉన్నాయి. మైదానం పక్కన ఏ జట్టుకూ చెందని మెదడు గాయాల వైద్యుడు, పైన వీడియో చూస్తూ కూర్చునే పరిశీలకులు, పరీక్ష చేయడానికి నీలం గుడారం. 2016లో శిక్షలు కూడా ప్రకటించారు. మొదటి తప్పుకు లక్షన్నర డాలర్ల దాకా జరిమానా, రెండోసారి నుంచి లక్షకు తగ్గదు, గెలుపు కోసం తెలిసి తెలిసి ఉల్లంఘిస్తే జట్లు కొత్త ఆటగాళ్ళను పంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు కూడా పోవచ్చు. బాగుంది. ఈ కొరడా ఎవరి వీపు మీద పడుతుంది, ఎవరిని చూసి ఆగిపోతుంది అన్నదే నా సందేహం.

2017 నవంబరులో సియాటిల్ జట్టులో బంతి విసిరే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, రసెల్ విల్సన్ దవడకు దెబ్బ తగిలింది. రిఫరీ బయటికి పంపితే, గుడారంలోకి అలా వెళ్ళి ఇలా వచ్చి ఆటలో దిగాడు. జట్టుకు లక్ష డాలర్లు వేశారు. న్యాయమే. తర్వాత పరీక్షిస్తే అతనికి కంకషన్, అంటే మెదడు అదిరిన గాయం, లేదని తేలిందనుకోండి, అది వేరే సంగతి. నెల తిరిగేసరికి హ్యూస్టన్‌లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ టామ్ సావేజ్ వెల్లకిలా పడి, చేతులు వణికిపోతూ ఉంటే టీవీ ముందున్న వాళ్ళంతా చూశారు. కాసేపటికే మళ్ళీ ఆడటానికి పంపారు. హ్యూస్టన్‌కు ఒక్క డాలరు కూడా జరిమానా పడలేదు.

ఇక మయామీ క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా సంగతి. 2022 సెప్టెంబరు 25న మయామీలో అతని తల వెనుక భాగం నేలకు కొట్టుకుంది. లేచాడు, తల విదిలించుకున్నాడు, రెండడుగులు వేసి తూలి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నడుము పట్టేసిందన్నారు. రెండో సగంలో ఆడించారు, మయామీ 21–19తో గెలిచింది. నాలుగు రోజులకు సిన్సినాటీలో మళ్ళీ పడ్డాడు. ఈసారి వేళ్ళు కొంకర్లు పోయి ముఖం ముందు బిగుసుకున్నాయి, స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. ఆటగాళ్ళ సంఘం మొదటి మ్యాచ్‌లో చూసిన స్వతంత్ర వైద్యుణ్ణి తప్పించింది. తర్వాత మీరూ సంఘమూ కలిసి విచారించి తేల్చిందేమిటంటే, నిబంధనలన్నీ పాటించారు, ఫలితమే ఉద్దేశించినట్టు రాలేదు! ఆపరేషన్ సక్సెస్, పేషెంట్ డెడ్ అని మా వైపు చెప్పుకునే జోకు మీ ఆఫీసు దాకా వచ్చిందని అప్పుడే తెలిసింది.

అప్పట్లో కిటుకంతా ఒక షరతులో ఉండేది. ఆటగాడు తూలితే చాలదు, తూలింది మెదడు వల్లేనని వైద్యులు భావించాలి. నడుము వల్ల అనుకుంటే ఆడొచ్చు. అక్టోబరు 8న ఆ సందు మూసి, కారణమేదైనా తూలితే ఆ రోజుకు ఆట బంద్ అన్నారు. మర్నాడే టువా స్థానంలో దిగిన టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్ మీద దాన్ని ప్రయోగించారు. అతను పరీక్షలన్నీ పాసయినా, పైనున్న పరిశీలకుడికి తూలినట్టు కనిపించాడని కూర్చోబెట్టారు. అసలువాడు తూలితే నడుము, బదులు వచ్చినవాడు తూలితే మెదడు. పోనీ ఆ జాగ్రత్తయినా నిలిచిందా? ఆ ఏడాదే డిసెంబరు 25న గ్రీన్‌బే మీద టువా తల మళ్ళీ నేలకు తగిలింది. మ్యాచ్ అంతా ఆడాడు, చివర్లో వరుసగా మూడు బంతులు ప్రత్యర్థుల చేతిలో పెట్టాడు, మర్నాడు కంకషన్ అన్నారు. లక్షణాలేవీ బయటపడలేదు కాబట్టి అప్పుడూ ఎవరి తప్పూ లేదు.

మీకు శిక్షించడం చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2015లో న్యూ ఇంగ్లండ్ జట్టు బంతుల్లో గాలి తగ్గిందని 243 పేజీల నివేదిక రాయించారు. జట్టుకు పది లక్షల డాలర్ల జరిమానా, రెండు డ్రాఫ్ట్ వంతుల కోత, దాని క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం. 2014లో సియాటిల్ ఆటగాడు మార్షాన్ లించ్ విలేకరులతో మాట్లాడలేదని లక్ష డాలర్లు వసూలు చేశారు. నోరు విప్పనందుకు లక్ష, తలను సరిగ్గా పరీక్షించనందుకూ లక్ష. టువా కూలిన 2022లోనే, ఆగస్టులో, అదే మయామీకి డ్రాఫ్ట్ మొదటి రౌండ్ వంతు తీసేశారు, యజమానికి పదిహేను లక్షల డాలర్లు వేశారు. నేరమేమిటి? వేరే జట్టులో ఉన్న బ్రేడీతో చాటుగా బేరాలాడటం. బ్రేడీతో మాట్లాడితే అంత శిక్ష, టువాను మళ్ళీ ఆటకు పంపితే ఒక ప్రకటన.

తలల లెక్క మీ సంస్థకు మొదటినుంచీ ఇబ్బందే. 1994లో మెదడు గాయాల కమిటీ వేసి, దాని అధ్యక్షుడిగా కీళ్ళవాతం వైద్యుణ్ణి కూర్చోబెట్టారు. మతిమరుపు వ్యాధి పాలైన మాజీలకు పరిహారం ఇచ్చేటప్పుడు నల్లజాతి ఆటగాళ్ళ మేధ మొదటే తక్కువని లెక్కగట్టే పద్ధతి నడిచింది. మొదటే తక్కువైతే తగ్గింది తక్కువే కదా, పరిహారం ఎగిరిపోతుంది. మీ ఆటగాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళే. ఆ లెక్క వదిలేస్తామని 2021లో గానీ మీ నోట రాలేదు, అదీ ఇద్దరు మాజీలు కోర్టుకెక్కాక.

మా క్రికెట్‌లోనూ కంకషన్ తగాదాలున్నాయి. 2020లో కాన్‌బెరాలో జడేజా హెల్మెట్‌కు బంతి తగిలితే బదులు దిగిన చహల్ మూడు వికెట్లు తీశాడు, ఆస్ట్రేలియా కోచ్ రిఫరీతో వాదనకు దిగాడు. కానీ అక్కడ గొడవ దెబ్బ తిన్నవాణ్ణి ఎందుకు మార్చారని. మీ దగ్గర గొడవ ఎందుకు మళ్ళీ దింపారని. నాకైతే మా గొడవే నయమనిపిస్తుంది.

కాబట్టి విన్నవించుకునేది ఏమనగా, కొత్త నిబంధనలేవీ రాయకండి. ఉన్నవాటిని సియాటిల్‌కు ఎలా వాడారో మయామీకీ హ్యూస్టన్‌కూ అలాగే వాడండి. ప్రతి విచారణలో ఏ వైద్యుడు ఏం చూశాడో, ఎన్ని నిమిషాలు పరీక్షించాడో పూర్తిగా అచ్చువేయండి. 2016లో మీరే రాసుకున్న డ్రాఫ్ట్ కోతను తల విషయంలో ఒక్కసారైనా అమలు చేసి చూపించండి. బంతిలో గాలి కోసం చేసినదే అడుగుతున్నాను, అంతకన్నా ఎక్కువేమీ కాదు.

ఇట్లు,
ఒక తెలుగు ప్రేక్షకుడు